గీత కూడా పడలేదు

"అన్నా, ఒక్క నిమిషం."

రఘువీర్ ఆగలేదు. కాలర్‌కి మైకు తగిలించుకుంటూ నడుస్తూనే ఉన్నాడు.

గుడ్ ఫ్రైడే. మధ్యాహ్నం పన్నెండు. షామ్‌బర్గ్‌లో ఒక అమెరికన్ చర్చి హాలు అద్దెకు తీసుకుని తెలుగువాళ్ళు ఏడు మాటల ఆరాధన పెట్టుకున్నారు. సిలువ మీద యేసు పలికిన ఏడు మాటలకి ఏడుగురు ప్రసంగీకులు, మూడు గంటలు. ఆఖరి మాట రఘువీర్‌ది. పెద్ద కంపెనీలో డైరెక్టర్. దేవుడు తనని ఎలా కాపాడాడో చెప్పే అతని సాక్ష్యం యూట్యూబ్‌లో లక్షల మంది చూశారు. ఆఖరి మాట అలాంటివాళ్ళకే ఇస్తారు.

"అన్నా, నా పేరు నిశాంత్. మీ కంపెనీలోనే సెలెక్టయ్యాను. లాయర్ దగ్గర వీసా పేపర్లన్నీ రెడీ. మీ అప్రూవల్ ఒక్కటే పెండింగ్."

"హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టు."

"పెట్టానన్నా. పన్నెండు రోజుల్నుంచి మీ ఇన్‌బాక్స్‌లోనే ఉందట. పాత జాబ్ పోయి ఇవాళ్టికి అరవయ్యో రోజు, వీసా గడువు ఇవాళ్టితో సరి. మూడింటిలోపు అప్రూవల్ వస్తేనే ఫైల్ చేస్తానంది లాయర్. రాకపోతే పెళ్ళాం పిల్లల్తో దేశం వదిలి వెళ్ళిపోవాలి."

"తమ్ముడూ, ఇది దేవుని మందిరం. ఆఫీసు ఇక్కడికి తేవద్దు."

"ఫోన్లో ఒక్క క్లిక్కే కదన్నా."

"మూడు దాకా ఉపవాసం. ఫోన్ కూడా ముట్టను."

అంటూనే పక్కనున్న రాజ్ ఫోన్ లాక్కుని, లైవ్‌లో ఎంతమంది ఉన్నారో చూశాడు.

"నాలుగు వేలే. నీ టైముకి పది దాటుతుందిలే, కంగారు పడకు" అన్నాడు రాజ్. కెమెరాలు చూసుకునేది అతనే.

రఘువీర్ బల్ల మీది కట్టలోంచి ఒక చీటీ తీసి నిశాంత్ చేతిలో పెట్టాడు.

"ప్రార్థన చీటీ. నీ భారం రాసి ఆ పెట్టెలో వెయ్యి. చివర్లో నేనే చదివి ప్రార్థన చేస్తాను. దేవుడు కార్యం చేస్తాడు."

కదపాల్సింది తన బొటనవేలు. అప్పజెప్పింది దేవుడికి.

బల్ల వెనక కూర్చున్న దేదీప్య అంతా విన్నది. రఘువీర్ భార్య.

"పెన్ను ఇదుగో, తమ్ముడూ. ఆయన నీకు ముందే తెలుసా?"

"ఒకసారి కలిశామక్కా. ఆయనకి గుర్తుండదు."

"మరి ఆ మాట చెప్పొచ్చుగా?"

"చెప్తే అడిగినట్టుండదక్కా. వసూలు చేసినట్టుంటుంది."

గోడకి ఆనించి రెండు లైన్లు రాశాడు. మడిచి పెట్టెలో వేశాడు. వెళ్ళి ఆఖరి వరసలో కూర్చున్నాడు.

మొదటి మాట అయింది. రెండోది అయింది. నాలుగో ప్రసంగీకుడు గడియారం మరిచిపోయాడు.

రెండుంబావుకి నిశాంత్ నడుం వంచుకుని ముందు వరస దాకా వచ్చాడు.

"అన్నా..."

రఘువీర్ బైబిల్లోంచి తల ఎత్తలేదు. పొమ్మన్నట్టు చెయ్యి ఊపాడు.

"బ్రదర్, లైవ్‌లో పడుతున్నావు. వెనక్కి, వెనక్కి!" రాజ్ భుజం పట్టుకుని లాగాడు.

రెండూ నలభైకి రఘువీర్ లేచాడు.

"నాలుగేళ్ళ కిందట. జనవరి. హైవే అంతా మంచు. నా కారు పల్టీ కొట్టింది. లోపల పొగ. డోర్ రావట్లేదు. 'ప్రభువా' అన్నాను, అంతే! ఆ తెల్లటి మంచులోంచి ఒకాయన వచ్చాడు. అద్దం పగిలింది. పసిపిల్లాణ్ణి ఎత్తినట్టు ఎత్తి నన్ను బయట పెట్టాడు. వెనక కారు భగ్గుమంది. కళ్ళు తెరిస్తే అంబులెన్స్. ఆయన లేడు! ఎవరు ఆయన?"

"దేవదూత!" అంది హాలంతా. జవాబు అందరికీ నోటికొచ్చు.

"నా ఒంటి మీద ఒక్క గీతైనా పడిందా?"

"లేదు!"

"ఆమెన్ చెప్పండి!"

దేదీప్య చెప్పలేదు. ఆ రోజు అతని ఎడమ భుజం కీలు జారింది. మూడు నెలలు చొక్కా తొడిగింది ఆమే. ఇప్పటికీ ఆ చెయ్యి పైకి లేవదు. 'అది చెప్తే అద్భుతం చిన్నదైపోతుంది' అన్నాడు రఘువీర్. ఆ మాట ఇల్లు దాటలేదు.

గోడ గడియారం మూడు కొట్టింది.

ఆఖరి వరసలో నిశాంత్ ఫోన్ వెలిగింది. చదువుకున్నాడు. జేబులో పెట్టుకుని లేచాడు. లైవ్‌లో చప్పుడు పడకుండా తలుపు మెల్లగా మూసి వెళ్ళిపోయాడు.

"ఇప్పుడు మీ భారాలు!" మూడుంబావు దాటాక ప్రసంగం ముగించి రఘువీర్ పెట్టె తెరిచాడు. "చంద్రిక గారి మోకాళ్ళ నొప్పులు. స్వస్థత కలుగును గాక!"

"ఆమెన్!"

"నీల్ బాబుకి మెడిసిన్ సీటు."

"ఆమెన్!"

మూడో చీటీ విప్పాడు. నోరు తెరిచాడు. చీటీ మళ్ళీ మొదట్నించి తనలో తనే చదువుకున్నాడు.

"చదువు, చదువు!" కెమెరా వెనక నుంచి రాజ్ సైగ చేస్తున్నాడు. "పదకొండు వేలు!"

రఘువీర్ కుడిచెయ్యి దానంతట అదే ఎడమ భుజం మీదికి వెళ్ళింది. ఆఖరి వరస వైపు చూశాడు. ఖాళీ కుర్చీ. లైవ్ సంగతి మరిచిపోయి జేబులోంచి ఫోన్ లాగాడు. మూడూ ఇరవై రెండు.

దేదీప్య పరుగున వచ్చి అతని చేతిలోంచి చీటీ తీసుకుంది.

అందులో నిశాంత్ పేరుంది గానీ, ఉద్యోగం ఊసే లేదు: "రఘువీర్ అన్న ఎడమ భుజం పూర్తిగా బాగవ్వాలని ప్రార్థించండి, ఆ రోజు కారు అద్దంలోంచి లాగుతుంటే టక్కుమని చప్పుడు విన్నాను, మంట దగ్గరికొచ్చేస్తోందని మెల్లగా లాగలేకపోయాను."