పదికి తగ్గని గడి

"రికార్డు ప్రకారం మీ చీఫ్ ఆఫీసరు ఆ రోజు పది గంటలు విశ్రాంతి తీసుకున్నారండీ," అంటూ టీమ్ లీడర్ స్క్రీన్‌ను కెప్టెన్ వైపు తిప్పింది.

ఓడ సిబ్బంది విశ్రాంతి వేళలు రాసుకునే సాఫ్ట్‌వేర్ ఆమె బృందం చేసిందే. ఆ ఆఫీసరు సరుకు గదిలోకి జారిపడి చనిపోయి వారమైంది.

"అక్కడ మూడు అని కొట్టి చూడమ్మా," అన్నాడు కెప్టెన్.

కొట్టింది. గడి ఎర్రబడింది. సేవ్ కాలేదు.

"పది కంటే తక్కువ తీసుకోదండీ. రోజుకి కనీసం పది గంటల విశ్రాంతి ఉండాలని రూలు కదా. రికార్డుల్లో తప్పులు రాకూడదని మీ కంపెనీ ఆఫీసే అడిగింది. మావాళ్లంతా ఒక్కటై వారంలో చేసిచ్చారు."

అందుకు వచ్చిన మెచ్చుకోలు ఉత్తరం ఇంకా గోడ మీదే ఉంది.

"వాడు పడుకుంది మూడు గంటలే. నిజం రాద్దామంటే గడి ఒప్పుకోలేదు. నా చేత్తోనే పది కొట్టాను," అన్నాడాయన, తల వంచుకుని.

ఆమె బృందంవాళ్లు కంపెనీ ఆఫీసువాళ్లతో పదిసార్లు కూర్చున్నారు గానీ, ఓడ మీద ఉండేవాళ్లను ఒక్కసారీ అడగలేదు.

"మిగతా ఓడలవీ తియ్యి," అంది పక్కనున్న ప్రోగ్రామర్‌తో.

అతను రెండేళ్ల రికార్డులూ వెతికాడు.

"నలభై ఓడలక్కా. ఎవరిది చూసినా, ఏ రోజు చూసినా, పదికి తక్కువ లేదు."

"ఇప్పుడు సముద్రం మీద ఎన్నున్నాయి?"

"ముప్పై ఒకటి."

ఆమె కుర్చీ ముందుకు లాక్కుంది.

"మొదటి ఓడకి ఫోన్ కలుపు. నిజంగా ఎంతసేపు పడుకుంటున్నారో నేను అడుగుతాను."