ముసలి చక్రవర్తి తుపాకీ

“డిష్యూం!” అన్నాడు పెద్దాయన, మీట నొక్కుతూ.

“నోటితో అనకూడదు నాన్నా! మా హీరోదీ ఇదే గోల. కాల్చిన ప్రతిసారీ డిష్యూం అంటాడు. పెదాలు కదిలాయని మళ్లీ మొదట్నుంచీ తీస్తారు.”

“అనకపోతే పేలిందని ఎలా తెలుస్తుందిరా?”

“లైటు వెలుగుతుందిగా, చూడు.”

లైటు వెలగలేదు. మీట సగం దాకా దిగి ఆగిపోయింది. పెద్దాయన కుడిచెయ్యి గజగజ వణికి, తుపాకీ ఒళ్లో పడింది. ఆయన కొడుకు ముఖం చూడకుండా, “నీ తుపాకీలోనే ఏదో లోపం ఉంది,” అన్నాడు.

“అవును నాన్నా, లోపం దీనిదే. రేపు సరిచేస్తా,” అన్నాడు కొడుకు.

తుపాకీలో ఏ లోపమూ లేదు. ఆ సంగతి కొడుక్కి బాగా తెలుసు. టీవీలో వచ్చే అంతరిక్ష సీరియల్‌కి తుపాకులన్నీ చేసేది అతనే. యూనిట్లో అందరూ తుపాకుల మాస్టారంటారు. పాత హెయిర్ డ్రయ్యరో, టార్చిలైటో, కుక్కరు పిడో, ఏది దొరికినా సరే, కోసి అతికించి, వెండిరంగు పూసి, అక్కడక్కడ కాస్త మసి పులిమాడంటే చాలు, అది నాలుగు యుద్ధాలు చూసిన ఆయుధమైపోతుంది. ఇంట్లో ఏ వస్తువు కనబడకపోయినా అతని భార్య ముందు టీవీలో వెతుకుతుంది.

పెద్దాయన దర్జీ. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పట్టు తప్పడంతో కొట్టు మూసేశాడు. దాంతో వచ్చేవాళ్లూ తగ్గారు, ఆయనతో కబుర్లాడేవాళ్లూ తగ్గారు. వ్యాయామాల డాక్టరమ్మ రబ్బరు బంతి ఇచ్చి రోజూ పిసకమంది. “నేనేమన్నా పసిపిల్లాణ్ణా?” అని దాన్ని మంచం కిందికి దొర్లించేశాడు. పొద్దున్నే ఆవిడ దగ్గరికి ఒక్కడే నడిచి వెళ్లొచ్చేవాడు, ఎవరినీ వెంట రానిచ్చేవాడు కాదు. ఇంట్లో మాత్రం వేలు కదిపేవాడు కాదు. ఇలాగే వదిలేస్తే ఆ చెయ్యి ఇక పనికిరాకుండా పోతుందని కొడుక్కి బెంగ పట్టుకుంది.

అప్పుడు తట్టింది ఈ ఉపాయం.

“నాన్నా, మా కథలో తొమ్మిదివందల ఏళ్ల ముసలి చక్రవర్తి ఉన్నాడు. ఆయన తుపాకీ ఆయన చేతికి తగ్గట్టుండాలి. మా యూనిట్లో అన్నీ కుర్రచేతులే. నువ్వు కాస్త నొక్కి చూసి చెప్పాలి.”

“అంటే నేను తొమ్మిదివందల ఏళ్లవాడిలా కనిపిస్తున్నానా?” అన్నాడు పెద్దాయన. అంటూనే చెయ్యి చాచాడు.

అసలు చక్రవర్తి తుపాకీని దర్శకుడు ఎప్పుడో ఒప్పేసుకున్నాడు. షూటింగూ అయిపోయింది. ఇంటికొచ్చింది దానికి జతగా చేసిన రెండోది. కొడుకు దాని మీట వెనక స్ప్రింగు మారుస్తూ, ప్రతిసారీ ఇంకాస్త గట్టిది వేస్తూ, నేరం దర్శకుడి మీదికి తోసేవాడు.

“మళ్లీ వద్దన్నాడా?”

“మీట అంత తేలిగ్గా దిగిపోతే గ్రహం బూడిదైందంటే ఎవరు నమ్ముతారంటున్నాడు నాన్నా.”

“వాడి మొహం! గ్రహాల సంగతి వాడికేం తెలుసు? ఇలా తే.”

పాపం, ఏ పాపమూ ఎరగని ఆ దర్శకుడు సాయంత్రమయ్యేసరికి ఈ ఇంట్లో తిట్లు తినేవాడు.

పెద్దాయన సలహాలు కూడా మొదలుపెట్టాడు. “పిడి ఇలా నిటారుగా ఉంటే ఎలారా? అరచేతికో వంపుంటుంది. మెడ చూడకుండా కాలరు కోస్తామా?” అని సుద్దతో గీత గీశాడు. కొడుకు ఆ గీత వెంటే కోశాడు. పట్టు భలే కుదిరింది. ఒకప్పుడు షెడ్డులో తలుపేసుకుని పనిచేసుకునేవాడు, ఇప్పుడు సామానంతా తెచ్చి నాన్న మంచం పక్కనే పరుస్తున్నాడు. తండ్రీకొడుకులు ఇన్ని మాటలు మాట్లాడుకోవడం కోడలు పెళ్లయ్యాక ఎప్పుడూ చూడలేదు.

“మీ బండి చప్పుడు కోసం మావయ్య మధ్యాహ్నం నుంచే చెవులు రిక్కిస్తున్నారండీ,” అందామె ఒకరోజు, పంచదార డబ్బాతో కుస్తీ పడుతూ. “ఈ మూత ఇంత గట్టిగా బిగించింది మీరేనా?”

“నేను కాదు. నీకే సత్తువ తగ్గింది.”

పెద్దాయన తుపాకీ గొట్టంలోకి దీక్షగా చూస్తున్నాడు.

ఒక్కటే కొరత. చెయ్యి మాత్రం కుదుటపడటం లేదు. ఒకరోజు మీట పూర్తిగా దిగి లైటు భగ్గున వెలిగేది. ఇద్దరూ కేకలు పెట్టేవాళ్లు. మర్నాడు మళ్లీ అదే వణుకు.

“మావయ్యకి నిజం చెప్పేద్దామా?” అంది భార్య.

“చెప్తే తుపాకీ కూడా మంచం కిందికే పోతుంది. ఆ కాస్త కసరత్తూ ఉండదు,” అన్నాడు దిగులుగా.

ఆ సాయంత్రం పెద్దాయనే అడిగాడు. “ఒరేయ్, ఈ చక్రవర్తి ఎప్పుడు చస్తాడురా?”

“ఇప్పట్లో చావడు నాన్నా.”

“చంపొద్దని చెప్పు. బాగున్నాడు పాపం, ఇంకొన్నాళ్లు ఉండనీ,” అన్నాడు పెద్దాయన. ఆ మాటకి కొడుక్కి నవ్వొచ్చింది.

మర్నాడు ఇంకా గట్టి స్ప్రింగు కోసం ఇనుప సామాన్ల కొట్టుకి వెళ్తే, అక్కడ తలుపు గడియ బేరం చేస్తూ డాక్టరమ్మ కనిపించింది. దాచుకోలేక గుట్టంతా విప్పేశాడు.

“బంతి బదులు తుపాకీ ఇచ్చి మా నాన్నని మోసం చేస్తున్నానండీ. పాపం, ఆయనకేమీ తెలీదు. ఇదిగో, ఈ స్ప్రింగు వేస్తే ఆ వణుకు కూడా పోతుందంటారా?”

డాక్టరమ్మ గడియ కింద పెట్టి అతని వంక వింతగా చూసింది.

“వణుకేంటండీ? ఆయన చెయ్యి ఎప్పుడో బాగైపోయింది!”