అద్దం కింద కాజా

"ముందు ఆ అద్దం తీసేయండి మేడమ్."

కుట్టు టీచరమ్మ గోడ గడియారం వైపు చూసింది. ఆన్‌లైన్ క్లాసుకి ఇంకా పది నిమిషాలే ఉంది. క్లాసు నడిపే సంస్థ పంపిన టెక్నాలజీ ఆఫీసరు గుమ్మంలోనే నిలబడి రెండు సంచుల సామాను దింపుతున్నాడు.

ఆ అద్దం చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది మరి. ముఖం చూసుకునే మామూలు అద్దం. బల్లకి పైన, అల్మారా చువ్వకి ఏటవాలుగా కట్టి ఉంది. బల్ల మీద దారపుండల డబ్బాకి ఆనించిన ఫోను ఆ అద్దంలోకి చూస్తూ ఉంటుంది. టీచరమ్మ చేతులు, సూది, గుడ్డ అద్దంలో కనిపిస్తాయి, అవే క్లాసుకి వెళతాయి.

"స్టాండు లేక ఈ తిప్పలు పడుతున్నారని అర్థమైంది. నిన్నటి క్లాసు చూశాను. టేపు మీద అంకెలన్నీ తిరగబడి ఉన్నాయి. మన పరువేం కాను?"

"అది ఎందుకంటే సార్..."

"తర్వాత చెబుదురుగాని. ఇవాళ ఇరవై నాలుగు మందిలో సగం మందైనా కాజా కుట్టి, అందులో గుండీ దూర్చి చూపించాలి. లేకపోతే మీ క్లాసు ఎత్తేసి రికార్డు చేసిన వీడియోలు పెట్టేస్తారు. మీకు సాయం చేద్దామనే నేనొచ్చాను."

టీచరమ్మకి ఆ క్లాసంటే ప్రాణం. వీడియో అయితే సూది గుచ్చుకున్నవాళ్ళని ఎవరు ఓదారుస్తారు? అద్దం విప్పి, హాల్లో కూర్చున్న అత్తగారి ఒళ్ళో పెట్టింది.

ఆఫీసరు సాయం మొదలైంది. బల్ల మీదికి వంగిన కొత్త కెమెరా, గుండ్రటి లైటు, తెర మీద మెరిసే బాణాలు, కుట్టు పడినప్పుడల్లా చప్పట్లు కొట్టే బొమ్మ. ఆ సామానంతా సర్దాక గదిలో టీచరమ్మకి తప్ప ఇంకెవరికీ చోటు మిగల్లేదు. ఆఫీసరు లాప్‌టాప్ పట్టుకుని హాల్లో అత్తగారి పక్కన సర్దుకున్నాడు.

"అద్దం తీయకుండా ఉండాల్సింది నాయనా," అందావిడ.

"మీకు తెలీదులెండి అమ్మగారూ."

"నిజమే, నాకేం తెలుసు," అని ఆవిడ అద్దంలో తన జుట్టు సవరించుకుంది.

క్లాసు మొదలైంది. తెర మీద దృశ్యం దివ్యంగా ఉంది. సూది కన్నం కూడా కనిపిస్తోంది. ఆఫీసరు మురిసిపోయాడు. రెండో నిమిషంలో, క్లాసులో చేరిన ఆసుపత్రి నర్సమ్మ గొంతు వినిపించింది.

"టీచర్, సూది ఎటునుంచి దూర్చాలి?"

"ఇటునుంచేనమ్మా, నిన్నటిలాగే."

"నిన్న వచ్చింది టీచర్. ఇవాళ ముడి పడనంటోంది."

"నాదీ అంతే," అన్నాడు రిటైరైన బస్సు డ్రైవరు. "నలభై ఏళ్ళు స్టీరింగు తిప్పిన చేతులివి. ఇవాళ రివర్సు గేరులో పడ్డాయి."

ఒకరికి దారం చిక్కుపడింది. ఇంకొకరికి వేలు తెగింది. ఇద్దరు అక్కాచెల్లెళ్ళు తప్పు నీదంటే నీదని వాదనకి దిగారు. చప్పట్ల బొమ్మకి ఇదేం పట్టలేదు. ఎవరి సూది కదిలినా చప్పట్లే. డ్రైవరు కాజాని తన చొక్కాకే కలిపి కుట్టేసుకున్నప్పుడు ఇంకా గట్టిగా కొట్టింది.

అరగంట గడిచింది. ఒక్క కాజా కూడా పూర్తవలేదు. ఆఫీసరు బాణాల రంగు మార్చాడు. లైటు పెంచాడు. చొక్కా చేతులు మడిచి మళ్ళీ తగ్గించాడు.

"సార్, ఒక్క మాట," గదిలోంచి టీచరమ్మ పిలిచింది.

"ఉండండి మేడమ్, బాణాలు ఇంకా పెద్దవి చేస్తున్నాను."

టీచరమ్మకి ఏడుపొక్కటే తక్కువ. సూది పక్కన పెట్టి తలుపు దగ్గరికొచ్చింది. అత్తగారు అప్పటికే అద్దం ఎత్తి పట్టుకుని ఉంది.

"తీసుకో అమ్మాయ్. ఆయన చేసేది ఎలాగూ చేశాడు."

ఆఫీసరు నోరు తెరిచేలోగా గది తలుపు పడింది. తెర మీది దృశ్యం గిర్రున తిరిగి, ఒక్క క్షణం చీకటైంది. మళ్ళీ వెలుగొచ్చేసరికి పాత మసక అద్దం, మూల మీద పాత పగులు, అందులో టీచరమ్మ చేతులు.

"హమ్మయ్య, మా టీచర్ వచ్చేసింది," అంది నర్సమ్మ.

ఇక చూడాలి ఆ సందడి. ఒక కాజా, రెండు, అయిదు, పదకొండు. అక్కాచెల్లెళ్ళు రాజీపడి ఒకరి గుండీ ఒకరి కాజాలో దూర్చుకున్నారు. ఊరికే కూర్చోలేని అత్తగారు ఆఫీసరు చేతిలో కూడా ఒక గుడ్డముక్క, సూది పెట్టింది. ఆయన లాప్‌టాప్ చూస్తూ చూస్తూ కాజా కుట్టేసి, గుండీ దూర్చి, తనే బిత్తరపోయాడు. టైము అయిపోయేసరికి ఇరవై మూడు మందివి పూర్తయ్యాయి. డ్రైవరు చొక్కా కత్తిరించుకుని ఇరవై నాలుగోది చూపించాడు. అందరూ విరగబడి నవ్వారు, టీచరమ్మ కళ్ళు తుడుచుకుంటూ మరీ నవ్వింది.

ఆఫీసరు రిపోర్టు కాగితం పట్టుకుని గదిలోకి వచ్చాడు. తను కుట్టిన కాజా ఇంకా చేతిలోనే ఉంది.

"క్లాసుకి ఢోకా లేదు మేడమ్. కానీ 'వాడిన పరికరం' అన్న గడిలో అద్దం అని రాశాను. పక్కన 'దానివల్ల ఉపయోగం' అని ఇంకో గడి ఉంది. అందులో ఏం రాయాలో నాకు అంతుబట్టట్లేదు. పొద్దుట్నుంచీ మీరేదో చెప్పబోతున్నారు కదా, ఏంటది?"

"ఇలా ఇవ్వండి సార్, నేనే రాస్తాను," అని టీచరమ్మ కాగితం దగ్గరికి లాక్కుని, పుట్టిన దగ్గర్నుంచీ అలవాటైన ఎడమచేత్తో పెన్ను అందుకుంది.