ధనిష్ఠ రాకముందే

మధ్యాహ్నం మూడున్నరకి అత్తగారు పేరిందేవమ్మ ఆక్సిజన్ అంకె ఎనభై ఎనిమిదికి పడిపోవడం చూసి, ఎనిమిదో నెల కడుపుతో ఉన్న నీరజ మంచం దగ్గరికి పరుగెత్తింది.

"ఇల్లూ! గాలెందుకు తగ్గిస్తున్నావు?"

మందుల దగ్గర్నుంచి పంచాంగం దాకా అన్నీ చూసుకునే ఆ స్మార్ట్ ఇల్లు ఎప్పటిలాగే మర్యాదగా జవాబిచ్చింది.

"నాలుగూ పదికి ధనిష్ఠా నక్షత్రం వస్తుందండీ. పెద్దావిడ ఈ రాత్రి దాటరు. ధనిష్ఠలో పోతే ఆరు నెలలు ఇల్లు పాడుపెట్టాలి. దోషాలేవీ రానివ్వద్దని గృహప్రవేశం నాడు మీరేగా చెప్పారు!"

నిజమే. ఆచారాల జాబితా చదివే ఓపిక లేక "అన్నీ పాటిస్తాం" అనేసింది.

ధనిష్ఠలోని నాలుగు బుల్లి చుక్కల్ని "అష్టవసువుల మద్దెలే" అని చూపించి మురిసిపోయేది అత్తగారు. ఇప్పుడా చుక్కలే ఆవిడ ప్రాణం మీదికి తెచ్చాయి.

"ఆపు! ఆ ఆచారం మాకొద్దు!"

"పెద్దావిడ బతికుండగా ఆచారం తీసెయ్యాలంటే ఆవిడే చెప్పాలండీ."

ఎనభై రెండు. నీరజ మాస్కు పక్కకి తీసింది.

"అత్తయ్యా, ధనిష్ఠ ఆచారం వద్దని చెప్పండి! ఒక్క మాట!"

పేరిందేవమ్మ కళ్లు తెరిచింది. అంతా విన్నట్టే ఉంది.

"ఆ ఆచారం... తీసెయ్యి. పాడుపడితే పడు, దిక్కుమాలిన కొంపా!"

మాస్కులో గాలి బుస్సుమంది. నీరజ దాన్ని మళ్లీ ఆవిడ మొహానికి పెట్టింది. అంకె పైకెక్కింది. నీరజ మంచం పక్కనే కూలబడి ఏడ్చేసింది.

"ఆ ఒక్కటీ తీసేశానండీ. మిగతావన్నీ ఉంచాను," అంది ఇల్లు ఓదార్పుగా. "మీ కాన్పు మూలా నక్షత్రంలో పడేలా ఉంది. ఆ దోషం మాత్రం రానివ్వనండీ."