ఉట్టి ఎత్తు

"ఒరే అప్పలసూరీ! నాకు పెరుగు అందకుండా నీ పెళ్ళాం ఉట్టి పైకి కట్టీసినాదిరా!" వంటింట్లో మునివేళ్ళ మీద నిలబడి తవిటమ్మ కేకేసింది.

"నేదత్తా, దాన్ని నాను ముట్టుకోనేదు," అంది గౌరి, ఏడో నెల కడుపుతో ఆయాసపడుతూ.

కొడుకు వచ్చి తాడు చూశాడు. పెళ్ళికి ముందు తనే వేసిన ముడి మసిపట్టి అలాగే ఉంది.

"ఉట్టి ఉన్నకాడే ఉన్నాదమ్మా. నువ్వే పొట్టయిపోనావు. నడుంనొప్పికి శ్రీకాకుళం ఎల్తే డాక్టరు సెప్పనేదా, ఎముకలు గుల్లయిపోనాయి, పాలూ పెరుగూ తినాలని?"

"వయసులో ఉన్నప్పుడే తిన్నేదురా. మీ అయ్యకీ మీకూ ఎయ్యగా నాకేటి మిగిలీది..."

అంటూనే తవిటమ్మ ఆగి, కోడలి వైపు చూసింది. ఈ ఇంట్లో ఆ పిల్ల కంచంలో పెరుగు పడగా తనెప్పుడూ చూడలేదు. వడ్డించేది తనే.

"ఉట్టి దించరా," అంది మెల్లగా. కుండ ఒళ్ళో పెట్టుకుని గౌరి చెయ్యి పట్టి లాగింది. "కూకోవే. ఇకనుండి రోజూ నాతోపాటు తిను. నీ ఎముకలు నాలాగైపోకూడదు."

"మరి నాకో?" అన్నాడు అప్పలసూరి.

కోడలి కంచంలో గడ్డపెరుగు వేస్తూ తవిటమ్మ నవ్వింది. "మేం తినీసినాక మిగిలితే సూద్దుం."