సొట్ట గ్లాసు

"కడిగి గోడమీద బోర్లించు గంగాలూ," అంది మహాలక్ష్మమ్మ వంటింట్లోంచే.

చెప్పనక్కర్లేదు. అల్లిపురంలో ఆ ఇంటికి చేపలు తెచ్చిన మొదటి రోజు నుంచీ గంగాలమ్మ చేసేది అదే. పెరటి మెట్టుమీద కూర్చుని టీ తాగడం, కుళాయి దగ్గర గ్లాసు కడగడం, పిట్టగోడమీద బోర్లించడం. మూతి దగ్గర సొట్టపడిన సత్తు గ్లాసు అది. ఆమె కోసిన చేపముక్కలు నేరుగా వంటింట్లోకి వెళ్లేవి. ఆమె తాగిన గ్లాసు మాత్రం ఎండకి ఎండి, వానకి తడిసి, ఆ గోడ దిగేది కాదు.

ఇందులో తప్పుందని మహాలక్ష్మమ్మకి ఎన్నడూ తోచలేదు. పక్కింటివాళ్లు చేపలమ్మే మనిషికి మంచినీళ్లు కూడా ఇవ్వరు. తను టీ ఇస్తోంది, అదీ పాలు బాగా పోసి. లెక్క చూసుకుంటే పుణ్యం తనవైపే మొగ్గేది.

ఆ రోజు గంగాలమ్మ గ్లాసు కడిగింది గానీ బోర్లించలేదు. చేత్తోనే పట్టుకుని నిలబడింది.

"రేపట్నుంచి నాను రానమ్మగారూ. తట్ట మానేత్తన్నాను. మా తమ్ముడూ నానూ కలిసి రొయ్యల యాపారం ఎట్టుకుంటన్నాం."

"రొయ్యలా? ఎవరు కొంటారే అన్నేసి?"

"ఇక్కడోలు కాదు. ఓడలెక్కి ఎల్తాయంట." నవ్వింది. "ఒకటడుగుతాను, కాదనకండి. ఈ గ్లాసు నాకిచ్చీండి."

"ఆ సొట్టదా? ఏం చేసుకుంటావే?"

"సేతికి అలవాటైపోనాది. మీ గురుతుగా ఉంచుకుంటాను."

మహాలక్ష్మమ్మ బేరీజు వేసింది. పోయేది ఇంట్లో ఎవరూ తాగని గ్లాసు. వచ్చేది మంచిపేరు. "తీసుకుపోవే," అంది. తనంటే దానికెంత అభిమానమో వీధి వీధంతా చెప్పుకుంది.

పదేళ్లు పోయాయి. కొడుకు దొరబాబు బీకాం పాసై, స్టీల్ ప్లాంటు నుంచి పిలుపొస్తుందని చూసి చూసి మంచానికి అంటుకుపోయాడు. భర్త రిటైరయ్యాక ఇల్లు లాగడం కష్టమైంది. హార్బరు దగ్గర గంగాలమ్మ రొయ్యల షెడ్డులో గుమాస్తా కావాలని తెలిసి, మహాలక్ష్మమ్మ చెప్పులేసుకుంది.

గంగాలమ్మది కొత్త డాబా. గేటు దగ్గరే నిలబడి పిలిచింది. "గంగాలమ్మ గారూ." ఆ 'గారూ' చేపముల్లులా గొంతుకి అడ్డంపడింది.

గంగాలమ్మ ఎదురొచ్చింది. "రండమ్మగారూ. లోపల ఉక్కగా ఉంది, ఇక్కడ కూకోండి." వరండాలో కుర్చీ వేయించింది.

మహాలక్ష్మమ్మ కొడుకు సంగతంతా చెప్పింది. "వాడి బతుకు నీ చేతుల్లో... మీ చేతుల్లో ఉంది. మా ఇంట్లో మిమ్మల్ని ఎప్పుడైనా వేరుగా చూశామా?"

"కుర్రోడికి లెక్కలొచ్చా?" అంది గంగాలమ్మ.

"బీకాం ఫస్టు క్లాసు."

"రేపు పొద్దున్నే రమ్మనండి. పని సేత్తే ఉంటాడు, సెయ్యకపోతే ఎల్తాడు. ఎవులింటోడని మా సెడ్డులో అడగం."

మహాలక్ష్మమ్మ గుండెల మీంచి బరువు దిగింది. ఎంత మంచి మనసు, పాత ఉప్పు మరిచిపోలేదు అనుకుంది.

గంగాలమ్మ తనే లోపలికెళ్లి టీ పట్టుకొచ్చింది. పాలు బాగా పోసిన టీ. కిటికీలోంచి లోపలి అద్దాల బీరువాలో పూల కప్పులు కనిపిస్తున్నాయి. ఆమె తెచ్చింది మాత్రం గ్లాసుతో. పెదవికి సొట్ట తగిలాక గానీ మహాలక్ష్మమ్మ పోల్చుకోలేదు.

"ఇది మన గ్లాసు కదూ? ఇంకా దాచారా?"

"దాసానమ్మగారూ. మాయింట్లో ఎవులికీ ఇందులో పొయ్యను. మీకోసమే ఉంచాను."

మహాలక్ష్మమ్మ కళ్లు చెమర్చాయి. ఆఖరి గుక్క వరకూ తాగి, ఖాళీ గ్లాసు అందివ్వబోయింది.

గంగాలమ్మ చెయ్యి చాపలేదు. ప్రహరీగోడ పక్కన కుళాయి వైపు చూపించింది.

"కడిగి గోడమీద బోర్లించండి."