వెనక సీలు

బండి ఇంజనులో ఆయిలు బయటికి రాకుండా ఆపే ముందు సీలు రింగు కారుతోందని ఏసుకుమార్ దాన్ని ఇంటి దగ్గరే మార్చడానికి కూర్చున్నాడు. కొత్తది ఒక పక్క దిగితే రెండో పక్క లేస్తోంది. అంచుకి ఆముదం రాశాడు, పైపు ముక్క పెట్టి కొట్టాడు. అయినా లొంగలేదు.

"దీని మీద సరిగ్గా కూర్చునే స్టీలు గ్లాసేదైనా పట్రా," అని భార్యని కేకేశాడు. "దీని తర్వాత వెనక సీలు కూడా ఉంది. అది ఇంకా పెద్దది."

ఆమె రెండు గ్లాసులు తెచ్చింది. ఒకటి పెద్దదైంది, ఒకటి చిన్నదైంది.

"నీకు కళ్ళు కనిపించవా? జెస్సీ అయితే మొదటిసారే సరైంది తెచ్చేది."

జెస్సీ అతని మొదటి భార్య. ఇప్పుడు లేదు.

"ఇంకొకటుందండీ. సొట్టపడితే ఏమీ అనరుగా?"

"గ్లాసే కదా. తే."

నూనె అంటిన అతని చేతిలోంచి జారిపోకుండా ఆమె ఆ గ్లాసు అడుగుకి పాతగుడ్డ చుట్టి మరీ అందించింది. అంచు సీలు మీద అచ్చుగుద్దినట్టు కూర్చుంది. అతను సుత్తితో బలంగా మోదాడు. సీలు తిన్నగా దిగిపోయింది.

"ఇప్పటికి బుద్ధొచ్చింది నీకు," అని నవ్వుతూ గుడ్డ విప్పాడు.

గ్లాసు అడుగు లోపలికి నొక్కుకుపోయింది. పెళ్ళికి పుట్టింటివాళ్ళు దాని మీద కొట్టించిన పేరులో 'జె' ఒక్కటే మిగిలింది. ఎవరినీ ముట్టుకోనివ్వకుండా అతను షోకేసులో దాచుకున్న గ్లాసు అది.

అతను ఆ అక్షరాన్ని బొటనవేలితో తుడిచాడు.

"ఆవిడ గిన్నె కూడా తెచ్చానండీ," అంది ఆమె మెత్తగా. "వెనక సీలు పెద్దదన్నారుగా."